ఉతికిన చొక్కాకు సాంబ్రాణి పొగ

పోయిన ఆదివారం మా బావ కూతురు మలేసియాలో, క్లాంగ్‌లోని మా ఫ్లాటుకు వచ్చి, చేతిసంచిలోంచి తువ్వాలు చుట్టిన సీసా ఒకటి తీసి బల్ల మీద పెట్టి నా వైపు జరిపినప్పుడు, నాకు ముందుగా కలిగింది సంతోషం కాదు, దుఃఖమూ కాదు. ఆ విస్కీ సీసా మీద పెద్ద అక్షరాలతో మా బావ పేరు అచ్చువేసి ఉంది. బావ పోయి ఏడాది కావస్తోంది, నాకు డెబ్బై దాటి చాలా కాలమైంది, అయినా ఆ పేరు చూడగానే ఓర్వలేకపోయాను. చదివేవాళ్ళలో నా ఈడువాళ్ళు ఉంటే అర్థం చేసుకుంటారని ఈ మాట దాచకుండా చెబుతున్నాను, చనిపోయిన మనిషి మీద కూడా అసూయ పడవచ్చు, అందుకు అడ్డేమీ లేదు.

బావ అంటే మా మేనత్త కొడుకు, నాకంటే ఆరు నెలలు పెద్ద. ఇద్దరం హుటాన్ మెలింటాంగ్ దగ్గర ఒక కొబ్బరి ఎస్టేటులో, కూలీల ఇళ్ళ లైనులో, ఎదురుబొదురు ఇళ్ళలో పెరిగాం. మా నాన్న ఎస్టేటులో కల్లు తీసేవాడు. తెల్లవారేసరికి చెట్లెక్కి కల్లు పట్టిన లొట్లు దింపి, కావిడితో మోసుకొచ్చి కల్లు దుకాణం వెనక వరసగా పెట్టేవాడు. నేను ఆ లొట్ల మీద వంగి వాసన చూసి, ఇది ఏటిగట్టు చెట్టుది, ఇది ఆఫీసు వెనక చెట్టుది, ఈ లొట్టి సరిగ్గా కడగలేదు అని చెప్పేవాణ్ణి. నాన్న మురిసిపోయి దారినపోయేవాళ్ళను పిలిచి మరీ నా చేత చెప్పించేవాడు. బావకు అవేవీ తెలిసేవి కావు. చెట్టు ఎక్కడంలో మాత్రం బావను మించినవాడు లేడు, చెప్పిన పని విసుక్కోకుండా చేసేవాడు, ముక్కు మాత్రం ముఖానికి అందంగా ఉండటానికే తప్ప ఇంకెందుకూ పనికొచ్చేది కాదు. ఇది అసూయతో అంటున్న మాట కాదు, లైనులో అందరూ అనేదే. చిన్నప్పుడు అసూయపడింది బావే. లొట్టి మీద ముఖం పెట్టి ఎంతసేపో పీల్చి, ఏమీ తేలక, నీకెలా తెలుస్తాదిరా అని అడుగుతుంటే నాకెంత హాయిగా ఉండేదో చెప్పలేను.

నాన్న పోయాక అమ్మా నేనూ క్లాంగ్ వచ్చేశాం. ఇండియన్ దుకాణాల వీధి వెనక రెండు గదుల ఇల్లు అద్దెకు తీసుకున్నాం. ఏడాది తిరక్కుండా బావ కూడా వచ్చి, ముగ్గురు స్నేహితులతో ఒక గదిలో దిగాడు. ఇద్దరికీ ఒకే చోట పని దొరికింది. విస్కీని స్కాట్లండ్ నుంచి డ్రమ్ములతో తెప్పించి, నీళ్ళు కలిపి, సీసాల్లో నింపి అమ్మే కంపెనీ అది. యజమాని చైనావాడు, అందరం తౌకే అనేవాళ్ళం. బావ సీసాలు కడిగే దగ్గర చేరాడు. నేనూ అక్కడే చేరాను గానీ, ఒకరోజు మూత తీసిన డ్రమ్ము పక్కనుంచి పోతూ దీనికి తుప్పు వాసన పట్టిందని ఊరికే అన్నాను. తౌకే ఆగి, లోపలికి దీపం వేసి చూపించాడు, అడుగున నిజంగానే తుప్పు. మర్నాటి నుంచి డ్రమ్ములు రాగానే ముందు నా ముక్కు కిందికే వచ్చేవి. నేను బాగుందంటేనే నీళ్ళు కలిపేవాళ్ళు. ఇరవై రెండేళ్ళకే నాకు ఒక కుర్చీ, ఒక గాజు గ్లాసు, ఒక రిపోర్టు పుస్తకం ఇచ్చారు. ఆ కుర్చీ గురించి మా అమ్మ మార్కెట్టులో చేపలమ్మేవాడికి కూడా చెప్పింది.

ఆ డ్రమ్ములు వచ్చేది స్కాట్లండ్‌కు పడమట సముద్రంలో ఉన్న ఒక చిన్న దీవి నుంచి. దాని పేరు పలకడానికి నాకు ఇప్పటికీ నోరు తిరగదు. ఒకసారి ఆ దీవిలో విస్కీ తీసే బట్టీకి పెద్దైన దొర క్లాంగ్ వచ్చాడు. ఇక్కడినుంచి ఒక మనిషిని తీసుకెళ్ళి, బార్లీ నానబెట్టడం దగ్గరనుంచి పీపాల్లో నింపడం దాకా పని నేర్పిస్తానన్నాడు. తౌకేకు ఎప్పటికైనా ఇక్కడే సొంతంగా విస్కీ తీయాలన్న కోరిక ఉండేది, అందుకే ఒప్పుకున్నాడు. వెళ్ళేవాణ్ణి మాత్రం తానే పరీక్ష పెట్టి ఎంచుకుంటానన్నాడు దొర. చివరికి నేనూ బావా మిగిలాం. బావ పేరు ఎవరిచ్చారో తెలియదు గానీ, అది లెక్కకు ఇద్దరుండాలని ఇచ్చిన పేరే అని అందరం అనుకున్నాం. నేనైతే అప్పటికే ఉన్ని కోటు కూడా బేరం చేసి వచ్చాను.

పరీక్ష శుక్రవారం పొద్దున. తలకు నూనె, పౌడరు, సెంటు ఏదీ రాసుకోకూడదని, ఉల్లిపాయ తినకూడదని దొర ముందే చెప్పాడు. అన్నీ పాటించాను. వట్టి నీళ్ళతో స్నానం చేశాను, టీ కూడా తాగలేదు, విబూది పెట్టబోతే అమ్మ చెయ్యి పట్టుకుని ఆపేశాను. మూడు రోజులుగా ముసురు పట్టి బట్టలు ఆరడం లేదు. నాకున్న ఒకే ఒక తెల్లచొక్కా తీగ మీద తడితడిగా వేలాడుతోంది. అదే తొడుక్కుపోతానంటే మా అమ్మ ససేమిరా అంది.

"తలకి నూనొద్దన్నావు, బొట్టొద్దన్నావు, ఊరుకున్నాను. తడిసొక్కా ఏసుకుని మంచిపనికి ఎల్తావేటి? ఉండు, సిటికెలో ఆరిపోద్ది" అంది.

శుక్రవారం కదా, మా ఇంట్లో ధూపం రగులుతూనే ఉంది. నిప్పుల మీద ఇంకో గుప్పెడు సాంబ్రాణి వేసి, పైన వెదురుబుట్ట బోర్లించి, దాని మీద చొక్కా పరిచి తిప్పి తిప్పి ఆరబెట్టింది. నేను తల తుడుచుకుని వచ్చేసరికి వెచ్చటి చొక్కా చేతిలో పెట్టింది. ముసురులో ఒంటికి వెచ్చగా తగిలితే ఎంత బాగుంటుంది, నేను ఆ వెచ్చదనమే చూసుకున్నాను. డ్రమ్ములో వీసమెత్తు తుప్పు పట్టినా కనిపెట్టే నా ముక్కుకు చొక్కా నిండా పట్టిన సాంబ్రాణి తెలియలేదు. అది పుట్టినప్పటినుంచీ మా ఇంటి గాలి. అమ్మ చీరకూ, నా దుప్పటికీ, గోడలకూ ఉన్న వాసన అది. దాన్ని నేనెప్పుడూ వాసన అనుకోలేదు.

బావ మోటారుసైకిలు మీద వచ్చి నన్ను ఎక్కించుకున్నాడు. రైల్వే గేటు దగ్గర ఆగినప్పుడు బావ ఒకసారి తల వెనక్కి తిప్పి నావైపు చూశాడు. గట్టిగా ముక్కు ఎగబీల్చాడు. ఏదో అనబోయినట్టు నాకనిపించింది.

"మబ్బట్టినాది. గట్టిగా పట్టుకో" అన్నాడు, అంతే. గేటు లేచింది.

దొర ఆరు గ్లాసులు పెట్టాడు. ఆ దీవిలో చిత్తడి నేలను కోసి, ఎండబెట్టిన నల్లటి మట్టిపెళ్ళలు ఉంటాయి, పీట్ అంటారు. వాటి పొగ మీద బార్లీని ఆరబెడితే విస్కీకి ఆ పొగ వాసన దిగుతుంది. ఆరింట్లో మూడు పొగ పట్టినవి, మూడు పట్టనివి. వేరు చేయాలి, అంతకంటే ఏమీ లేదు. నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగిన పని. మొదటి గ్లాసు ఎత్తాను, పొగ. రెండోది, పొగ. మూడోది, అదీ పొగే. వంగిన ప్రతిసారీ నా మెడ దగ్గరనుంచే పొగ లేస్తోందని నాకు తోచలేదు. దొర నన్ను మాయ చేయడానికి ఆరూ ఒకటే పోశాడనుకుని, గర్వంగా, అన్నిటికీ పొగ ఉందని చెప్పాను. దొర లేచి వచ్చి నా కాలరు దగ్గర వంగి వాసన చూశాడు. కోప్పడలేదు, నవ్వాడు. ఆ నవ్వు ఇప్పటికీ గుర్తుంది. రేపు మళ్ళీ పరీక్ష పెట్టమని బతిమాలాను, సాయంత్రమే తన విమానమని చెప్పాడు. బావ వచ్చి, ఒక్కో గ్లాసు దగ్గర రెండేసి నిమిషాలు నిలబడి, చెమటలు కక్కుతూ, మూడూ మూడూ వేరు చేసి పెట్టాడు.

బావ దీవికి వెళ్ళాడు. అమ్మ ఏటైనాది, ఏటైనాది అని అడుగుతుంటే, దొరకు నా ముఖం నచ్చలేదని చెప్పాను. తన ధూపమే నా పని చెడగొట్టిందని అమ్మకు ఎన్నడూ చెప్పలేదు, అదొక్కటే ఆ కథలో నేను చేసిన మంచిపని. పోయేదాకా పాపం ఆ దొరను తిడుతూనే ఉంది. నేను మాత్రం దొరను తిట్టలేదు. నన్ను తొలిచింది ఒకటే సంగతి, రైల్వే గేటు దగ్గర బావ ఎందుకు ముక్కు ఎగబీల్చాడు? వానగాలికి జలుబు చేసిందా, నా చొక్కా వాసన తెలిసిందా? తెలిసి ఉంటే ఒక్క మాట అంటే చాలు, దారిలో ఎవరి చొక్కా అయినా అడిగి తొడుక్కునేవాణ్ణి. లొట్టి వాసనే పట్టలేనివాడికి ఇదేం తెలుస్తుందిలే అని ఒకరోజు అనుకునేవాణ్ణి. బావ ఉండే గదిలో ధూపం లేదు కాబట్టి వాడికే ముందు తెలిసి ఉంటుందని ఇంకోరోజు అనుకునేవాణ్ణి. ఇలా అనుకుంటూనే పెళ్ళి చేసుకున్నాను, పిల్లల్ని కన్నాను.

ఉత్తరాలు వచ్చేవి. మోకాళ్ళదాకా బూట్లు వేసుకుని, చెక్క పార పట్టుకుని, నేల మీద పరిచిన బార్లీ మధ్య నిలబడి తీయించుకున్న ఫోటో వచ్చింది. రోజుకు నాలుగుసార్లు దాన్ని తిరగెయ్యాలట. తర్వాత ఇంటికప్పు తాకేంత రాగి బట్టీల పక్కన ఉన్న ఫోటో వచ్చింది. చలికి బుగ్గలు ఎర్రబడి, మా బావ బావలా లేడు. కాగినప్పుడు ముందు వచ్చిందీ ఆఖరున వచ్చిందీ ఉంచరట, మధ్యలో వచ్చేదే పీపాల్లోకి పోతుందట, ఎప్పుడు మళ్ళించాలో బట్టీ దగ్గర ఉన్నవాడే తేల్చాలట. అది చదువుతుంటే నా కళ్ళల్లో నిప్పులు పోసుకున్నట్టే ఉండేది. అది ముక్కున్నవాడి పని. నా పని. ఇక్కడ నేను వాళ్ళు తీసి పంపినదానికి మూతలు ఊడదీసి బాగుంది, బాగుంది అని రాసుకుంటూ కూర్చున్నాను. బావ పెళ్ళికి క్లాంగ్ వచ్చినప్పుడు అందరూ చుట్టూ చేరి మంచు గురించి అడిగారు, నేను వంటవాళ్ళకు నీళ్ళు అందలేదని వెనకకు వెళ్ళిపోయాను.

ఇప్పుడు ఇంతవరకు ఎవరికీ చెప్పని సంగతి చెప్పాలి. పెళ్ళైన కొన్నేళ్ళకు బావ ఒక ఉత్తరం రాశాడు. ఈసారి వచ్చే డ్రమ్ములు ముందునుంచి చివరిదాకా తన చేతిమీదుగా తయారైనవని, నేను చూసి ఉన్నదున్నట్టు చెప్పాలని, అక్కడివాళ్ళు మెచ్చుకున్నా నేను చెప్పేదాకా తనకు నమ్మకం లేదని. డ్రమ్ము వచ్చింది. మూత తీసి గ్లాసులో పోసి వంగాను. నా ఉద్యోగంలో అంత శుభ్రమైన సరుకు అంతకుముందు చూడలేదు, ఆ తర్వాత కూడా చూడలేదు. పొగ ఎంతుండాలో అంతే ఉంది, దాని వెనక సముద్రగాలి, దాని వెనక చిన్న తీపి. చాలాసేపు ఆ గ్లాసు పట్టుకుని కూర్చున్నాను. తర్వాత రిపోర్టు పుస్తకం తీసి, కుళ్ళిన రబ్బరుపాల వాసన వస్తోందని రాసి సంతకం పెట్టాను.

నా మాటకు తిరుగు లేదు కదా, డ్రమ్ములు పక్కన పెట్టేశారు, ఆ రిపోర్టు దీవికి వెళ్ళింది. వాళ్ళు బట్టీ విప్పి, గొట్టాలన్నీ ఊడదీసి తోమించారు. ఏమీ కనపడక, తప్పు మనిషిదేననుకుని బావను బట్టీ దగ్గరనుంచి తీసి మళ్ళీ బార్లీ తిరగేసే పనికి పంపారు. రెండు చలికాలాలు ఆ పార పట్టుకునే ఉన్నాడు. బావ నాకు రాసిన ఉత్తరంలో కోపం లేదు. నీ ముక్కు తప్పు సెప్పదు, నేనే ఎక్కడో ఏమరుపాటు పడ్డాను, ఈసారి బాగా తీస్తాను అని మాత్రం ఉంది. ఆ ఉత్తరం చదివిన రోజున నాకు సంతోషం కలిగిందని రాస్తే మీరు నన్ను అసహ్యించుకుంటారు, కలగలేదని రాస్తే అబద్ధమవుతుంది. ఒక పూట సంతోషించాను. తర్వాత ఆ ఉత్తరాన్ని ఎప్పుడూ బయటకు తీయలేదు. బావ కష్టపడి తిరిగి బట్టీ దగ్గరికి చేరాడు, చివరికి ఆ బట్టీకే పెద్ద అయ్యాడు. తౌకే ఇక్కడ విస్కీ తీయనే లేదు. నేను అదే కుర్చీలో రిటైరయ్యాను.

ఇక మొన్న ఆదివారం. ఆ అమ్మాయి ఆ దీవిలోనే పుట్టి పెరిగింది, నలభై దాటింది. వాళ్ళమ్మ దగ్గర విన్న పాతకాలపు తెలుగు తప్ప వేరే తెలుగు తెలియదు, మా మనవలకు అది కూడా లేదు. బావ రిటైరైనప్పుడు ఒక పీపా ఆయన పేర పక్కన పెట్టారట, పోయే ముందు దాన్ని సీసాల్లోకి దింపించాడట. సీసా మీద వెయ్యాల్సిన నాలుగు మాటలు తనే చెప్పి రాయించాడట. మా ఆవిడ టీ పెడుతూ నాన్న చివరిదాకా బాగానే ఉన్నాడా అని అడిగితే, అంతా బాగానే ఉంది గానీ కుడిభుజం మాత్రం ఎప్పుడూ నొప్పే, చెక్క పార పట్టి పట్టి పోయిందనేవాడు అని చెప్పింది.

కళ్ళజోడు పెట్టుకుని సీసా వెనక ఉన్న ఇంగ్లీషు చదివాను. తేనె వాసన ఉంటుందని ఉంది. ఉప్పుగాలి ఉంటుందని ఉంది.

"ఆఖరి లైను సదువు మామా" అంది ఆ అమ్మాయి. "ఆ లైను తీసేద్దామని ఆఫీసులో అడిగినారు, ఎవులికీ తెల్దని. నాన్న ఒప్పుకోలేదు. మామకి సూపించు, ఆడికి తెలుస్తాది అన్నాడు."

ఆఖరి లైనులో, వానాకాలంలో ఉతికిన చొక్కాకు పట్టిన సాంబ్రాణి పొగ అని ఉంది. సాంబ్రాణి అన్న మాటను ఇంగ్లీషు అక్షరాల్లోనే, అలాగే వేయించాడు.

అంటే బావకు తెలుసు. రైల్వే గేటు దగ్గర తెలిసింది, నోరు మూసుకున్నాడు. ఇన్నేళ్ళకు దొరికావురా అని నాలో ఎవరో కేక పెట్టారు. ఆ మాట బావ ఏ చావుకో పెళ్ళికో ఎదురుపడి చెప్పి ఉంటే క్షమించేవాణ్ణేమో, పోట్లాడేవాణ్ణేమో. బావ దాన్ని ప్రపంచమంతా కొనుక్కునే సీసాల మీద అచ్చువేసి, నాకొక్కడికే అర్థమయ్యేట్టు ఒప్పుకుని వెళ్ళిపోయాడు. రబ్బరుపాల సంగతి ఒప్పుకోవడానికి నాకు ఎవరూ మిగల్లేదు. ఎదురుగా కూతురుంది, భుజం నొప్పి గురించి ఇప్పుడే చెప్పింది. నోటిదాకా వచ్చింది, చెప్పలేకపోయాను. పిరికితనం. అందుకే ఇక్కడ రాస్తున్నాను, ఆమెకు తెలుగు చదవడం రాదు.

ఆ అమ్మాయి మూత తీసి చిన్న గ్లాసులో కొంచెం పోసి నాకందించింది. పాత అలవాటు, వంగాను. ఆమెకు తెలియని సంగతి ఒకటుంది. కొన్నేళ్ళ కిందట, ఊరంతా తలుపులు మూసుకుని కూర్చున్న రోజుల్లో నాకు జ్వరం వచ్చి తగ్గింది, వాసన మాత్రం మళ్ళీ రాలేదు. డాక్టర్లకు చూపించాను, లాభం లేకపోయింది. కాఫీ అయినా, మల్లెపూవైనా, మురుగ్గుంట అయినా నాకు ఒకటే. అయినా ఈ గ్లాసు దగ్గర ఎంతోసేపు పీల్చాను. లొట్టి మీద ముఖం పెట్టి పీల్చే బావ గుర్తొచ్చాడు. ఏమీ తెలియలేదు.

గ్లాసు మా ఆవిడకిచ్చాను. ఆవిడ మందు ముట్టని మనిషి, మొహం చిట్లించుకుంటూనే ముక్కు దగ్గర పెట్టుకుంది.

"శుక్రారంపూట అత్త తలుపు తీసినట్టుందండి" అంది.

ఆవిడ ఆ ఇంటికి కోడలిగా వచ్చిన మనిషి, ఆవిడ మాట తప్పు కాదు. ఆ క్షణాన ఆవిడ మీద కూడా ఓర్వలేనితనం కలిగింది.

ఆ ఇల్లు ఇప్పుడు లేదు, అక్కడ కార్లు నిలుపుకునే మేడ కట్టారు. మేమున్న ఈ పన్నెండో అంతస్తులో ధూపం వేయడానికి లేదు. పోయిన ఏడు మా ఆవిడ ఒక శుక్రవారం చిటికెడు సాంబ్రాణి వేస్తే పైకప్పుకున్న యంత్రం కూతపెట్టి, బిల్డింగంతా మెట్లు దిగి రోడ్డు మీదకు పరిగెత్తింది. అప్పటినుంచి దేవుడి దగ్గర కరెంటు దీపమే. పిల్లల బట్టలు యంత్రంలో ఆరుతాయి, వాటికి అమ్మ చేతి వాసన పట్టే వీలు లేదు, వాళ్ళకు దాని లోటూ తెలియదు. దీవిని బావ తీసుకున్నాడని, బట్టీని తీసుకున్నాడని, పేరును తీసుకున్నాడని జీవితమంతా ఏడ్చాను గానీ, ఇంతగా ఏనాడూ ఏడవలేదు. మా అమ్మ ఇంటి వాసనను ఆ చలిలో, ఓక్ పీపాలో, ఇన్నేళ్ళు దాచి ఉంచింది బావే, దాన్ని మోసుకుపోయింది నా చొక్కా మీదనుంచే, ఇప్పుడది నా బల్ల మీద మూత తీసి ఉన్నా నాకు అందదు.